పొడపత్రి సారంతో ఎలుకల్లో షుగర్ తగ్గింది, నా మాత్రలు మానవచ్చా?

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో, నల్లమల అంచున ఉన్న ఒక ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్ 500, పొద్దున మాత్రం గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రాము వేసుకుంటున్నాను. మా పెదనాన్న గారు పొడపత్రి ఆకును నీడన ఎండబెట్టి, చూర్ణం చేసి, షుగర్ ఉన్నవారికి రోజూ ఒక చెంచా మజ్జిగలో కలిపి ఇచ్చేవారు. ఎం.ఫార్మసీ చదువుతున్న మా అమ్మాయి అదే ఆకు నుంచి ఆల్కహాలుతో సారం తీసి, తన ప్రాజెక్టుగా 30 ఎలుకల మీద 28 రోజులు పరీక్షించింది. కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చిన ఎలుకల్లో షుగర్ దాదాపు సగానికి పడిపోయింది. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు ఇచ్చిన ఎలుకల్లో ఎంత తగ్గిందో ఇందులోనూ అంతే తగ్గిందట. నా మాత్రలు మానేసి ఇది వాడవచ్చా? మా ఊళ్లో షుగర్ ఉన్న ఇరవై మందికి ఇచ్చి, ముందూ తర్వాతా రక్తపరీక్షలు చేయించి రాసిపెడితే రుజువు అవుతుందా? దీన్ని మందుగా తీసుకురావాలంటే దారి ఏమిటి?

సమాధానం: మాస్టారు గారూ, మీ మొదటి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆలస్యం చేయదగిన విషయం కాదు. మాత్రలు మానవద్దు. మాత్రలు వేసుకుంటూనే పక్కన ఈ సారాన్ని కూడా మొదలుపెట్టవద్దు. గ్లిమిపిరైడ్ క్లోమగ్రంథిని ఒత్తిడి చేసి ఇన్సులిన్‌ను బయటికి తెప్పించే మందు, కాబట్టి భోజనం ఒక గంట ఆలస్యమైనా షుగర్ బాగా పడిపోయే గుణం దానికి ఉంది. పొడపత్రి నిజంగా పనిచేసే మందే అయితే, ఆ రెండూ కలిసిన రోజున ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగి మీరు పడిపోవచ్చు. పనిచేయని మందయితే, మాత్రలు మానిన మీ శరీరంలో షుగర్ చప్పుడు లేకుండా పెరుగుతూ పోతుంది. రెండు విధాలా నష్టం మీదే. పొడపత్రి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతం వైద్య పత్రికల్లో నమోదై ఉంది కనుక, ఆకే కదా ఏం చేస్తుంది అన్న ధీమా కూడా వద్దు.

ఇక మీ అమ్మాయి చేసిన పని. దాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. ఆమె ఎంచుకున్న తీగకు మంచి చరిత్ర ఉంది. పొడపత్రి ఆకు రెండు నమిలి నోట్లో పంచదార వేసుకుంటే ఇసుక నమిలినట్టు ఉంటుందని మీ వైపు పిల్లలందరికీ తెలుసు. సంస్కృతంలో దానికి మధునాశిని అన్న పేరు అందుకే వచ్చింది. ఊటీలో ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన డేవిడ్ హూపర్ 1887లోనే ఆ ఆకును పరిశీలించి, తీపిని చంపే పదార్థానికి జిమ్నెమిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1990లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన షణ్ముగసుందరం గారి బృందం ఆకు నుంచి తీసిన సారాన్ని రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున 22 మంది టైప్-2 మధుమేహ రోగులకు, వారి మాత్రలకు తోడుగా, 18 నుంచి 20 నెలల పాటు ఇచ్చి, వారిలో అయిదుగురు మాత్రలు పూర్తిగా మానగలిగారని ప్రకటించింది. ఆ పరిశోధన పత్రాన్ని పొడపత్రి గుళికలు అమ్మేవారందరూ ఈనాటికీ చూపిస్తారు. అందులో ఉత్తుత్తి గుళికలు మింగిన జట్టు ఒకటి లేదన్న సంగతి మాత్రం వారు చెప్పరు. ఆ లోటు ఎంత పెద్దదో మీ రెండో ప్రశ్న దగ్గర చెబుతాను.

ఎలుకల దగ్గరికి వద్దాం. ఆరోగ్యంగా ఉన్న విస్టార్ జాతి ప్రయోగశాల ఎలుకకు స్ట్రెప్టోజోటోసిన్ అనే విషాన్ని ఒక్క సూదిగా ఇస్తే, అది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను వెతికి వెతికి చంపుతుంది. సూది వేసిన రాత్రి చస్తున్న కణాల్లోంచి ఇన్సులిన్ ఒక్కసారిగా కారి షుగర్ పడిపోతుంది కాబట్టి, పంజరానికి గ్లూకోజు నీళ్ల సీసా తగిలించి ఉంచాలి. మరచిపోతే పొద్దుటికి సగం ఎలుకలు ఉండవు. మూడో రోజు తోక చివర నుంచి చుక్క రక్తం తీసి, 250 దాటిన వాటిని మధుమేహం వచ్చినవిగా లెక్కిస్తాం. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ ఎలుకకు వచ్చింది బీటా కణాలు పోవడం వల్ల వచ్చిన జబ్బు. మీకు ఉన్నది చాలా ఏళ్లుగా శరీరం ఇన్సులిన్ మాట వినకపోవడం వల్ల వచ్చిన జబ్బు. రెండింటికీ పేరు ఒక్కటే.

మీ ఉత్తరంలో నన్ను ఆపి ఆలోచింపజేసిన వాక్యం, గ్లిబెన్‌క్లమైడ్ జట్టులోనూ సారం జట్టులోనూ ఒకే విధంగా తగ్గిందన్నది. గ్లిబెన్‌క్లమైడ్ పనిచేయాలంటే బీటా కణాలు బతికి ఉండాలి, ఎందుకంటే ఉన్న కణాలను పిండి ఇన్సులిన్ తెప్పించడమే దాని పని. ఆ మందు అంత బాగా పనిచేసిందంటే మీ అమ్మాయి ఎలుకల్లో కణాలు చాలావరకు మిగిలే ఉన్నాయని అర్థం. విషం మోతాదు తక్కువైనప్పుడు కొన్ని ఎలుకలు ఏ మందూ లేకుండానే వారాల్లో కోలుకుంటాయి. కాబట్టి ఆమె ముందుగా చూడవలసింది సారం ఇచ్చిన జట్టు అంకెలను కాదు, ఏ మందూ ఇవ్వని మధుమేహ జట్టు అంకెలను. మూడో రోజున అవి ఎంత ఉన్నాయి, ఇరవై ఎనిమిదో రోజున ఎంత ఉన్నాయి? ఆ జట్టులో కూడా తగ్గి ఉంటే, సారం గొప్పదనంలో కొంత భాగం కాలానిదే. సారాన్ని విషానికి ముందు మొదలుపెట్టారా, షుగర్ పెరిగాక మొదలుపెట్టారా అన్నది కూడా అడగండి. ముందే ఇస్తే అది విషం నుంచి కణాలను కాపాడి ఉండవచ్చు, జబ్బును తగ్గించినట్టు కాదు.

మా ప్రయోగశాలలో జరిగిన ఒక పొరపాటు చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఒక విద్యార్థి వేరే మొక్క సారంతో ఇలాంటి ఫలితమే తెచ్చాడు, పత్రం రాయడం కూడా మొదలుపెట్టాం. పంజరాల కింద చిందిన మేతను ఊడ్చే కుర్రాడు ఒక రోజు, ఈ మూల పంజరాల్లో మేత మిగిలిపోతోంది సార్, అని మామూలుగా అన్నాడు. తూచి చూస్తే సారం తాగిన ఎలుకలు మిగతా వాటికంటే బాగా తక్కువ తింటున్నాయి. సారాన్ని గొట్టంతో నేరుగా కడుపులోకి పోస్తాం కాబట్టి చేదు తెలియదు, కానీ కడుపులో వికారం తెలుస్తుంది. మేత తగ్గితే షుగర్ తగ్గుతుంది, అందుకు ఏ మందూ అక్కర్లేదు. సారం తాగిన ఎలుక ఎంత తింటుందో అంతే మేతను సారం తాగని ఎలుకకు కొలిచి పెట్టి మళ్లీ చేస్తే, రెండు జట్ల మధ్య తేడా చెప్పుకోదగినంత మిగలలేదు. మీ అమ్మాయి నోట్‌బుక్‌లో రోజువారీ మేత బరువులు ఉన్నాయా? ఉంటే ఆమె మంచి పనిమంతురాలు. లేకపోతే ఆ ఫలితం మీద ఇల్లు కట్టవద్దు.

మోతాదు గురించి ఒక చిన్న లెక్క వేద్దాం. ఎలుక బరువుకు ఇచ్చిన మోతాదును మనిషి బరువుకు నేరుగా హెచ్చించరు. శరీర ఉపరితలాన్ని బట్టి 6.2తో భాగిస్తారు. 200ను అలా భాగిస్తే కిలోకు 32 మిల్లీగ్రాములు, అరవై కిలోల మనిషికి సుమారు 1.9 గ్రాముల సారం. నూరు గ్రాముల ఎండు ఆకు నుంచి పన్నెండు గ్రాముల సారం దిగిందనుకుంటే, ఆ 1.9 గ్రాములకు పదహారు గ్రాముల ఆకు కావాలి. మీ పెదనాన్న గారి చెంచాలో మహా అయితే మూడు గ్రాములు పట్టి ఉంటుంది. పైగా ఆయన ఇచ్చింది మజ్జిగలో కలిపిన మొత్తం ఆకు, మీ అమ్మాయి పరీక్షించింది ఆల్కహాలులో కరిగిన భాగం మాత్రమే. ఎలుకల ఫలితం మీ పెదనాన్న గారి చూర్ణాన్ని రుజువు చేయలేదు, ఆయన అనుభవం మీ అమ్మాయి సారాన్ని రుజువు చేయదు. రెండూ ఒకే తీగ నుంచి వచ్చిన రెండు వేర్వేరు మందులు.

ఇప్పుడు మీ ఇరవై మంది సంగతి. మీది మంచి మనసు, అందులో సందేహం లేదు. కానీ మీరు అనుకున్నట్టు చేస్తే, పంచదార లేని గోధుమపిండి గుళికలు ఇచ్చినా ఫలితం బాగానే వస్తుంది. కారణం చెబుతాను. కొత్త మందు ఇస్తున్నారంటే పరుగెత్తుకుని వచ్చేది ఆ వారం షుగర్ బాగా పెరిగి భయపడ్డవారు. పెరిగిన అంకె ఎవరు ఏమి చేసినా చేయకపోయినా, తర్వాతి పరీక్షలో తన మామూలు స్థాయికి కొంత దిగి వస్తుంది. మాస్టారు గారు మందు ఇస్తున్నారు, నెల తర్వాత రక్తం తీయిస్తారు అని తెలిసినవారు ఆ నెల రోజులూ పెళ్లి భోజనంలో లడ్డూ పక్కన పెడతారు, పొద్దున్నే నాలుగు అడుగులు నడుస్తారు. తగ్గనివారు మొహమాటపడి మధ్యలో రావడం మానేస్తారు, తగ్గినవారు చివరిదాకా వచ్చి నలుగురికీ చెబుతారు. ఇక పరగడుపు షుగర్ ముందు రోజు రాత్రి తిన్న దాన్ని బట్టే మారుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష లేకుండా, పన్నెండు వారాల కంటే తక్కువ కాలంలో మీరు తీసే అంకెలకు విలువ తక్కువ.

ఈ పొరపాట్లు పల్లెటూరి వైద్యులే చేస్తారని అనుకోవద్దు. వేగిస చెట్టు చేవ మీద భారత వైద్య పరిశోధన మండలి నాలుగు కేంద్రాల్లో పరీక్ష జరిపి, 1998లో ఫలితం ప్రకటించింది. కొత్తగా షుగర్ బయటపడ్డ 97 మందికి పన్నెండు వారాలు ఇస్తే 67 మందిలో అదుపులోకి వచ్చిందన్నారు. ఎవరికి ఏమి ఇస్తున్నారో అందరికీ తెలిసిన, పోల్చడానికి ఇంకో జట్టు లేని పరీక్ష అది. అదుపులోకి వచ్చిన 67 మందిలో చెక్క వల్ల ఎందరు, పత్యం వల్ల ఎందరు అన్నది ఆ పరీక్ష నుంచి విడదీయలేం. వేగిస చెక్క గ్లాసులు మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

సరిగా చేయాలంటే, వచ్చినవారిని చీటీలు వేసి రెండు జట్లుగా విడదీయాలి; ఒక జట్టుకు సారం, ఇంకో జట్టుకు రంగు, వాసన, బరువు ఒకేలా ఉన్న ఉత్తుత్తి గుళిక ఇవ్వాలి; ఎవరికి ఏది అందిందో రోగికీ, ఇచ్చే వైద్యుడికీ, రక్తం పరీక్షించే వారికీ తెలియకూడదు. వారి పాత మాత్రలు ఎవరికీ ఆపకూడదు. పొడపత్రి విషయంలో ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఇది చాలా మొక్కలకు లేదు. చూర్ణం నాలుకకు తగిలితే తీపి తెలియదు కాబట్టి, టీ తాగగానే ఎవరిది అసలు మందో ఎవరిది కాదో రోగికే తెలిసిపోతుంది. అందుకని నాలుకకు తగలకుండా గుళికలోనే మింగించాలి. అప్పుడు ఇంకో ప్రశ్న కూడా తేలుతుంది: మీ పెదనాన్న గారి దగ్గర షుగర్ తగ్గినవారికి అది ఆకులోని మందు వల్ల తగ్గిందా, లేక నోట్లో తీపి తెలియక మిఠాయి జోలికి పోకపోవడం వల్ల తగ్గిందా? నన్ను అడిగితే పొడపత్రి మీద ఇంకా తేలవలసిన ప్రశ్నల్లో అందమైనది ఇదే.

ఎంత మంది కావాలి? హెచ్‌బీఏ1సీలో అర శాతం తేడాను పట్టుకోవాలనుకుందాం. రోగికీ రోగికీ మధ్య ఆ అంకెలో ఉండే చెదురు 1.2 అనుకుందాం. అలాంటి తేడా నిజంగా ఉంటే నూటికి ఎనభై సార్లు బయటపడాలంటే, లెక్క ప్రకారం జట్టుకు దాదాపు తొంభై మంది కావాలి. మధ్యలో మానేసేవారిని కలుపుకుంటే రెండు జట్లకూ కలిపి రెండువందల ఇరవై మందికి పైనే. మీ ఇరవై మందితో ఏదీ తేలదు, తేలినట్టు మాత్రం కనిపిస్తుంది. అదీగాక మనుషుల మీద చేసే ఏ పరీక్షకైనా నైతిక సంఘం అనుమతి, రోగి చదివి సంతకం చేసిన అంగీకార పత్రం, ఏదైనా హాని జరిగితే చికిత్సకూ పరిహారానికీ బాధ్యత ఉండాలి. 2009 నుంచి మన దేశంలో ఔషధ పరీక్షలు మొదలుకాక ముందే సీటీఆర్ఐ అనే జాతీయ క్లినికల్ పరీక్షల పట్టికలో నమోదు చేయడం తప్పనిసరి. ఇంటి అరుగు మీద జరిపే పంపిణీకి అవేవీ ఉండవు.

మందుగా తీసుకురావడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది, రాష్ట్ర ఆయుష్ లైసెన్సు తీసుకుని ఆయుర్వేద ఉత్పత్తిగా తయారుచేయడం. అది సులువు, కానీ మీరు అడుగుతున్న రుజువు దానితో రాదు. లైసెన్సు వచ్చినా, షుగరును నయం చేస్తుందని ప్రకటన వేయడం నేరమే, ఎందుకంటే 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం జాబితాలో మధుమేహం ఉంది. రెండోది, 2015లో మన ఔషధ నియమాల్లో చేర్చిన ఫైటోఫార్మాస్యూటికల్ (మొక్కల సారంతో చేసిన మందు) దారి. శుద్ధిచేసి ప్రమాణీకరించిన సారంలో కనీసం నాలుగు పదార్థాలను గుర్తించి, ఒక్కోటి ఎంత శాతం ఉందో ప్రతి విడతలోనూ కొలిచి చూపాలి. వానాకాలం కోసిన ఆకులోనూ ఎండాకాలం కోసిన ఆకులోనూ జిమ్నెమిక్ ఆమ్లాలు ఒకే మోతాదులో ఉండవు కాబట్టి, అసలు కష్టమంతా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత జంతువుల్లో విషప్రభావ పరీక్షలు, ఆ తర్వాతే మనుషులు. ఇది ఏళ్లు పట్టే, ఒక కుటుంబం మోయలేని ఖర్చుతో కూడిన దారి అని దాచకుండా చెబుతున్నాను.

మొక్క నుంచి మందు రావడానికి ఎంత కాలం పడుతుందో మీరు రోజూ మింగే మాత్రే చెబుతుంది. ఐరోపాలో పెరిగే గలీగా అనే మొక్క తిని గొర్రెలు చచ్చిపోయేవి. అందులోని గలీజిన్ షుగరును తగ్గిస్తుందని తెలిసినా, మందుగా ఇవ్వడానికి అది మరీ విషం. దానికి దూరపు చుట్టమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో ప్రయోగశాలలో తయారుచేశారు. ఫ్రాన్సులో ఝాన్ స్టెర్న్ అనే వైద్యుడు 1957లో దాన్ని రోగులకు ఇచ్చి చూశారు. అమెరికా 1994లో గాని ఒప్పుకోలేదు. ఆ మాత్రలో ఇప్పుడు గలీగా ఆకు ఒక్కటి కూడా లేదు.

ఈలోగా ఎవరైనా ఇచ్చే చూర్ణాల గురించి ఒక హెచ్చరిక. కొన్నేళ్ల క్రితం ఒక రోగి తాను వాడుతున్న పసరు మందు పొట్లాన్ని మా దగ్గరికి తెచ్చాడు. మూడు రోజుల్లో షుగర్ తగ్గించిందట, నాలుగో రోజున స్పృహ తప్పించింది. ఆ పొడిని ఆల్కహాలులో కలిపి, సిలికా పూసిన పలక మీద ఒక చుక్కగా, పక్కనే గ్లిబెన్‌క్లమైడ్‌ను ఇంకో చుక్కగా పెట్టి ద్రావకంలో నిలబెట్టాం. అతినీలలోహిత దీపం కింద ఆ రెండు మచ్చలూ ఒకే ఎత్తున నల్లగా కనిపించాయి. ఖాయం చేసుకోవడానికి ఇంకా పరీక్షలు చేశాం, ఆ పొడిలో గ్లిబెన్‌క్లమైడ్ కలిపారన్న అనుమానం నిజమే అయింది. మూడు రోజుల్లో షుగర్ దింపే ఆకుమందు కనిపిస్తే నాకు ముందు వచ్చే ఆలోచన మొక్క గురించి కాదు.

మీ అమ్మాయి చేయగల పని చాలా ఉంది, అదీ ఆమె కాలేజీ హద్దుల్లోనే. మేత కొలుస్తూ అదే ప్రయోగాన్ని మళ్లీ చేయాలి. చూర్ణాన్నీ సారాన్నీ రెండు వేరు జట్లుగా పెట్టాలి. తోక నుంచి రక్తం తీసేవారికి ఏ పంజరం ఏ జట్టుదో తెలియకుండా అంకెలు వేయాలి. ఇన్సులిన్ కొలవాలి, క్లోమం ముక్కలను సూక్ష్మదర్శినిలో చూడాలి. జంతువుల నైతిక సంఘం అనుమతి మళ్లీ తీసుకోవాలి. మీకున్న రకం మధుమేహానికి దగ్గరైన ఎలుకలు కావాలంటే దూరం పోనక్కర్లేదు: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తన విస్టార్ సంతతిలో పుట్టుకతోనే ఊబకాయం వచ్చే ఒక రకాన్నీ, దానికి తోడు గ్లూకోజును తట్టుకోలేని ఇంకో రకాన్నీ పెంచింది. వాటి మీద పనిచేయడానికి ఆమె గైడు గారు అక్కడివారికి ఒక ఉత్తరం రాస్తే సరిపోవచ్చు.

మీరు చేయవలసింది రెండు పనులు. వచ్చే నెల మీ వైద్యుణ్ణి కలిసినప్పుడు హెచ్‌బీఏ1సీ చేయించుకుని, పొడపత్రి మీద మీకున్న ఆసక్తిని దాచకుండా చెప్పండి. గ్లిమిపిరైడ్ తగ్గించవచ్చా అన్నది ఆ అంకె చూసి ఆయన తేల్చగలరు; చాలామంది ఆరేళ్ల తర్వాత ఈ మాట అడగకుండానే పాత మోతాదు మింగుతూ ఉంటారు. రెండోది, మీ పెదనాన్న గారు ఆకు కోసిన తీగ ఇంకా ఉంటే, అది చిన్న చిన్న పసుపు పూల గుత్తులు వేసినప్పుడు, పూలతో ఆకులతో ఒక కొమ్మ కోసి, పాత వార్తాపత్రికల మధ్య బరువు పెట్టి ఆరబెట్టండి. కోసిన చోటు, తేదీ, మీ ఊళ్లో దాన్ని పిలిచే పేరు ఒక చీటీ మీద రాసి, మీ అమ్మాయితో దగ్గరి విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర విభాగానికి పంపించి, అది పొడపత్రే అని రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఆమె థీసిస్‌లో ఆ కాగితం ఉందో లేదో మీ ఉత్తరంలో లేదు.